సముద్రము దాటిన ఇంటిపేర్లు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున గండిపేట యను చోట నొక పెద్ద జలాశయము కలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసి, వేలకొలది జనుల ప్రాణములను బలిగొనెను. అట్టి విపత్తు మరల కలుగకుండుటకు ఏమి చేయవలెనని ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని సలహా అడిగిరి. నగరమునకు ఎగువను జలాశయములు నిర్మించి వరదను నిలువరింపవలెనని ఆయన చెప్పిరి. ఆ యాలోచనకు ఫలముగా 1920లో గండిపేట ఆనకట్ట పూర్తియైనది. నాటి ప్రభువైన మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరిట దానికి ఉస్మాన్ సాగరమని పేరు పెట్టిరి. కాని చుట్టుపట్ల నున్న మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములవారిని అడిగి చూడుడు. వారు దానిని "గండిపేట చెరువు" అనియే పిలుతురు. కాగితముపై నున్న పేరొకటి. జనుల నోట నున్న పేరు మరియొకటి.

ఆ ఊరి చిరునామాయు నిలుకడగా నుండలేదు. 1978లో హైదరాబాదు జిల్లానుండి గ్రామీణ భాగము వేరుపడి రంగారెడ్డి జిల్లా అయినది. 2016లో గండిపేట పేరిటనే ఒక మండలము ఏర్పడినది. ఊరు కదలలేదు, ఊరిని గూర్చి వ్రాసెడి కాగితములు మాత్రము మారినవి. నూరేండ్ల క్రిందట ఈ ప్రాంతమును విడిచిపోయిన ఒకని మునిమనుమడు నేడు తిరిగివచ్చి, తాతనాటి కాగితములోని పేర్లను పట్టుకొని వెదకినచో ఎంత తికమక పడునో ఊహింపవచ్చును.

గండిపేట చెరువులోని నీరు ఎక్కడనుండి వచ్చినదని అడిగినవానికి సమాధానము చెప్పుట సులభము. ఏటి వెంబడి పడమరగా నడచినచో వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలు కనబడును. మూసీనది పుట్టిన చోటు అదియే. నది తాను నడచిన దారిని నేలమీద వ్రాసి యుంచును. మనుష్యుడు నడచిన దారి అట్లు నిలువదు. అందులోను, ఆ దారి నడుమ సముద్రము అడ్డుపడినచో, అతని వంశమూలమును వెదకుట మిక్కిలి కష్టము. ఆ కష్టము ఎట్టిదో, దానిని ఓర్పుతో ఎట్లు దాటవచ్చునో తెలిసికొనుటకు, బ్రిటిషువారి వలసరాజ్యములకు కూలీలుగా వెళ్లి అక్కడనే స్థిరపడిన తెలుగువారి కథ మంచి యుదాహరణము.

1833లో బ్రిటిషు పార్లమెంటు తన వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేయు చట్టమును చేసెను. అంతవరకు బానిసల చెమటతో పండిన చెరకు తోటలకు పనివారు కావలసి వచ్చిరి. తోటల యజమానుల చూపు హిందూదేశముపై పడినది. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అను ఓడ 36గురు కూలీలతో కలకత్తానుండి మారిషస్ ద్వీపములోని పోర్టు లూయీ రేవును చేరెను. అది మొదలు 1920 వరకు దాదాపు 5 లక్షలమంది భారతీయులు ఆ రేవులో దిగిరి. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ మద్రాసునుండి బయలుదేరినవారితో దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. 1911 వరకు ఆ నేటాలు రాజ్యమునకు వెళ్లిన కూలీల సంఖ్య 1,52,184. పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ దీవులకు 1879 మొదలు 1916 వరకు 60,965 మంది వెళ్లిరి. అక్కడికి మద్రాసునుండి ఓడలు పోవుట 1903లో ఆరంభమైనది. ఈ మూడు దేశములకు వెళ్లినవారిలో తెలుగువారును కలరు.

వీరు ఏల వెళ్లిరి? 1832-33లో గుంటూరు సీమలో నందన నామ సంవత్సరపు కరువు, 1876-78లో దక్షిణదేశమందంతటను ధాత కరువు వచ్చినవి. ఊళ్లకు ఊళ్లు ఖాళీయైనవి. అయితే ఓడ యెక్కిన ప్రతివాడును కరువువలననే ఎక్కెనని చెప్పరాదు. ఒకడు అప్పులవాని బాధ పడలేక పోయెను. ఒకడు అన్నదమ్ములతో కలహించి పోయెను. కూలీలను సమకూర్చువారి తీయని మాటలు నమ్మి పోయినవారు ఎందరో కలరు. ఐదేండ్లు పనిచేయుదుమని ఒడంబడికపై వ్రేలిముద్ర వేసి వారు ఓడ యెక్కిరి. 'అగ్రిమెంటు' అను ఇంగ్లీషు మాటయే ఫిజీ తోటలలో కూలీల నోటబడి 'గిర్మిట్' అయినది. గడువు తీరిన పిమ్మట కొందరు తిరిగి వచ్చిరి. పెక్కుమంది అక్కడనే నిలిచిపోయిరి. వారి సంతతివారే నేడు ఆ దేశముల పౌరులు.

మారిషస్‌లో పుట్టిన ఒక తెలుగు యువకుడు ఒకనాడు తన అవ్వను "మన ఊరు ఏది?" అని అడిగెననుకొందము. అవ్వ ఏమి చెప్పగలదు? తన మామగారి తండ్రి ఓడలో వచ్చెననియు, ఆయన రామభజన చక్కగా పాడెడివాడనియు, సింహాద్రి అప్పన్నకు మ్రొక్కెడివాడనియు చెప్పును. "ఇంటిపేరు ఏది?" అని అడిగినచో ఆమె తెల్లబోవును. అక్కడనే మొదటి ముడి పడినది.

తెలుగువారికి ఇంటిపేరు గొప్ప ఆనవాలు. అది పేరునకు ముందు వచ్చును. కొండపల్లి, తాడేపల్లి, వెలగపూడి మొదలగు ఇంటిపేర్లలో పూర్వుల ఊరి పేరే దాగి యుండును. వివాహసంబంధములు కుదుర్చునపుడు పెద్దలు మొదట విచారించునది ఇంటిపేరునే. కాని మద్రాసు రేవులోని గుమాస్తా ముందున్న పట్టికలో దానికి తావు లేదు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై నుండు పుట్టుమచ్చలు లేక గాయపు గురుతులు: ఇవియే అతడు అడుగవలసినవి. కూలీ తెలుగులో చెప్పెను. గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాసెను. అడుగనిదానిని కూలీ చెప్పలేదు. చెప్పినను గుమాస్తా వ్రాయలేదు. ఆ విధముగా ఎన్నో తరములనుండి వచ్చిన ఇంటిపేరు ఒక్క నిమిషములో తెగిపోయినది. తరువాత వలసరాజ్యములలో తాతకు పెట్టిన పేరే మనుమలకు ఇంటిపేరుగా మారినది. అందువలననే నేడు మారిషస్‌లో అప్పడు, అప్పలసామి, సింహాద్రి మొదలగు పేర్లు, కొంత రూపు మారి, ఇంటిపేర్లుగా కనబడుచున్నవి.

ఐనను తెగిన దారము పూర్తిగా మాయము కాలేదు. ఈ పేర్లనే తిన్నగా పరిశీలింపుడు. అప్పన్న, అప్పడు, అప్పలసామి, సింహాద్రి అను పేర్లు విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో విరివిగా వినబడును. ఏలయన, సింహాచలముపై వెలసిన వరాహ నరసింహస్వామిని ఆ ప్రాంతమువారు సింహాద్రి అప్పన్న యని కొలుతురు. మారిషస్‌లోని తెలుగువారు నేటికిని అప్పన్నను పూజింతురు. అమ్మోరు పండుగ చేయుదురు. వారిని పూర్వము 'కొరింగీలు' అనియు పిలిచిరి. కాకినాడ సమీపమున గోదావరి పాయ యొడ్డున నున్న కోరంగి, ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవు. ఆ రేవు పేరే ఆ జనులకు పేరైనది. కాగితము మరచినదానిని దేవుని పేరు, పండుగ పేరు, రేవు పేరు కొంతవరకు దాచి యుంచినవి.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. కోరంగి రేవు పేరుతో పిలువబడిన ప్రతివాడును కోరంగిలో పుట్టినవాడు కాడు. అప్పన్న పేరు పెట్టుకొన్న ప్రతివాడును సింహాచలము దాపున పుట్టినవాడు కాడు. ఇట్టి గురుతులు దిక్కును చూపగలవు; ఇంటి గుమ్మమును చూపజాలవు. గుమ్మమును చేరుటకు మరల కాగితమే కావలెను.

అదృష్టవశమున ఆ కాగితములు పెక్కు నిలిచి యున్నవి. ప్రతి కూలీకి వలసరాజ్యమువారు ఒక సంఖ్య నిచ్చిరి. ఒక మనుష్యుని సంఖ్యతో పిలుచుట అవమానకరమే. కాని విధి విచిత్రమైనది. ఒకే ఓడలో ముగ్గురు అప్పన్నలు, నలుగురు రాములు ఉండవచ్చును. ఒకే సంఖ్య గలవారు ఇద్దరుండరు. ఆనాడు మనుష్యుని తక్కువచేసిన సంఖ్యయే నేడు అతని మునిమనుమనికి దారిచూపు దీపమైనది. మారిషస్‌లోని మోకా యను ఊర మహాత్మాగాంధీ సంస్థ కలదు. అది 1970లో స్థాపితమైనది. కూలీల పట్టికలును, 1860ల దశకమునుండి తీయించిన వారి ఛాయాచిత్రములును అక్కడ భద్రపరుపబడినవి. నేటాలు ఓడల పట్టికలను నేడు కంప్యూటరులో చూడవచ్చును. ఫిజీకి వెళ్లినవారి వలస పత్రములు ఆ దేశపు ప్రాచీన పత్రాగారమున నున్నవి. ఎన్నడును చూడని ముత్తాత ముఖమును ఒక పాత చిత్రములో చూచి, తన ముక్కును, తన కన్నులను అందులో గుర్తుపట్టిన మనుమని హృదయము ఎట్లుండునో మాటలతో చెప్పనలవి కాదు.

సంఖ్య దొరికినంతనే పని ముగియదు. పట్టికలో జిల్లా పేరును, గ్రామము పేరును ఉండును. చికాకోల్ అని యున్నచో అది శ్రీకాకుళమని తెలియవలెను. కొకనాడ యనగా కాకినాడ. ఎల్లోర్ అనగా ఏలూరు. మసూలిపటాం అనగా మచిలీపట్నము. బిమ్లిపటాం అనగా భీమునిపట్నము. జిల్లాల సరిహద్దులును ఎన్నో మారులు మారినవి. గంజాం జిల్లా పూర్వము మద్రాసు రాజధానిలో నుండి, 1936లో ఒరిస్సాలో చేరినది. ఆ పాత గంజాం జిల్లాలోని కొన్ని ఊళ్లు నేడు ఆంధ్రప్రదేశములోని శ్రీకాకుళము సీమలో నున్నవి. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి. 2022లో ఆంధ్రప్రదేశములోని 13 జిల్లాలు 26 అయినవి. కావున పట్టికలో 'గంజాం' అని చూచి ఒరిస్సాలో మాత్రమే వెదకువాడు తన ఊరి ప్రక్కనుండియే పోయి, ఊరిని చూడకయే మరలిరావచ్చును. ఇక కొత్తపేట, కొత్తపల్లి, రామాపురము మొదలగు పేర్లుగల గ్రామములు తెలుగునాట ఎన్ని యున్నవో లెక్కింపుడు. తాలూకా పేరు తెలియనిదే ఆ పేర్లవలన ప్రయోజనము స్వల్పము.

కాగితములు నోరులేనివైనను ఒక్కొక్కప్పుడు అబద్ధము చెప్పును. తండ్రికి తెలియకుండ వచ్చిన పడుచువాడు, అత్తవారింటి బాధలనుండి తప్పించుకొని వచ్చిన స్త్రీ, తమ నిజమైన పేర్లు చెప్పుటకు వెరచి, మారుపేర్లు చెప్పిన సందర్భములు కలవు. కులమును మార్చి చెప్పినవారును కలరు. ఇంటివారి నోటిమాటయు ఒక్కొక్కప్పుడు దారి తప్పించును. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు తోబుట్టువులుగా భావించిరి. నెలల తరబడి సముద్రముపై ఒకే గిన్నెలో తిని, ఒకరి జబ్బునకు ఒకరు ఉపచారము చేసికొన్నవారికి ఆ బంధము రక్తబంధము కంటె తక్కువ కాలేదు. ఉత్తరదేశమువారు దానిని 'జహాజీ' బంధమనిరి. అందువలన అవ్వ "ఆయన మా చిన్నతాత" అని చెప్పిన మనుష్యుడు తాతకు తమ్ముడో, ఓడలోని నేస్తమో విచారింపవలెను. అవ్వ అబద్ధము చెప్పుట లేదు. ఆమె ప్రేమను చెప్పుచున్నది. వంశవృక్షమును వ్రాయువాడు ఈ భేదమును ఎరుగవలెను.

ఆ యువకుడు ఓర్పుతో ఈ ముళ్లన్నియు విప్పి, పట్టికలోని గ్రామమును గుర్తించి, ఒకనాడు తెలుగుదేశమునకు వచ్చెననుకొందము. ఊరి రచ్చబండకడ పెద్దలు చేరుదురు. గ్రామపు భూమి లెక్కలలో అతని ముత్తాత పేరు దొరకదు. దానికి ఆశ్చర్యపడ నక్కరలేదు. ఆ లెక్కలు భూమి గలవారివి, ఓడ యెక్కినవారిలో భూమి లేనివారే మిక్కుటము. అంతలో ఒక వృద్ధుడు, "మా తాత తమ్ముడొకడు ఎక్కడికో ఓడలో పోయి మరల రాలేదని చిన్నప్పుడు విన్నాను. నీవు మావాడవే, నాయనా!" అని అతనిని కౌగిలించుకొనును. ఆ మాట వినుటకే కదా అతడు సముద్రము దాటి వచ్చినది! అతని కన్నులు చెమర్చును. అవునని తల యూపుటకు మనస్సు తొందరపడును.

ఇదియే కఠినమైన పరీక్ష. ఆ క్షణమున అతడు, "తాతగారూ, ఆ పోయినాయన పేరేమి? ఆయన తండ్రి పేరేమి? ఏ కరువునాటి మాట యిది?" అని వినయముతో అడుగవలెను. చెప్పిన పేర్లు పట్టికలోని పేర్లతో సరిపోయినచో, ఆ సంతోషమునకు మేర లేదు. సరిపోనిచో, వృద్ధునికి నమస్కరించి, ఆయన పెట్టిన అన్నము తిని, తన పుస్తకములో "ఊరు నిశ్చయము; ఇల్లు నిశ్చయము కాలేదు" అని వ్రాసికొనవలెను. అట్లు వ్రాసినంతమాత్రమున ఆ వృద్ధుని ఆదరము చిన్నది కాదు. ఆ యువకుని ప్రయాణము వ్యర్థము కాదు. తెలియనిచోట ఖాళీ విడుచుట వంశమునకు అవమానము కాదు. ఆ ఖాళీని కల్పనతో నింపినచో, తరువాతివారు దానినే సత్యమని నమ్మి, నిజమైన దారిని శాశ్వతముగా మూసివేయుదురు. రాజవంశమున పుట్టితిమని చెప్పుకొనుట సులభము. చెరకు తోటలో చేతులు కోసికొని, ఎండకు వానకు ఓర్చి, పిల్లలను పెంచి పెద్దచేసిన కూలీవానికి పుట్టితిమని తెలిసి చెప్పుకొనుటలోనే నిజమైన గౌరవము కలదు.

ఈ విషయము వట్టి వేడుక కొరకు కాదు. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు మారిషస్‌కు వెళ్లినపుడు, భారతసంతతికి చెందిన ఆ దేశీయులలో ఏడవ తరమువారికిని 'ఓవర్సీస్ సిటిజన్' గుర్తింపు లభించునని ప్రకటించిరి. ఆ గుర్తింపు పొందగోరువారికి తమ పూర్వుల కాగితము అవసరము. అంతకు మించినది మరియొకటి కలదు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభను, ఫిజీలో 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును స్థాపించి తెలుగువారు తమ భాషను నిలుపుకొన యత్నించిరి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగినవి. మాట తడబడినను, ఇంటిపేరు మరుగుపడినను, తాము ఎవరమో తెలిసికొనవలెనను కోరిక వారిలో చావలేదు.

ఆ యువకుడు పడిన శ్రమలో సగము ఏల కలిగినది? అడుగదగిన కాలమున ఎవ్వరును అడుగకపోవుటవలన. ఓడ దిగిన ముత్తాత బ్రతికి యుండగా ఒక్క బిడ్డ ఆయన ప్రక్కన కూర్చుండి, "మన ఇంటిపేరేమి? ఊరి ప్రక్కనున్న ఏరు పేరేమి?" అని అడిగి వ్రాసికొని యుండినచో, పట్టికలతో పనియే లేకపోయెడిది. ఓడ యెక్కనివారికిని ఈ నీతి వర్తించును. పల్లెనుండి పట్టణమునకు వచ్చిన కుటుంబములలో రెండు తరములు గడువకముందే పూర్వుల ఊరి పేరు మరుగుపడుచున్నది.

గండిపేట కట్టపై నిలిచి చూచువానికి ఒక్కటే నీటి పరపు కనబడును. ఎగువను నడచినవానికి మాత్రమే ఏరును, ఏటిలో కలిసిన వాగులును తెలియును. విద్యార్థులారా! నేటి సాయంకాలము మీ ఇంటనున్న వృద్ధులకడ కూర్చుండి, వారి తల్లిదండ్రుల పేర్లను, పుట్టిన ఊళ్లను, ఆ ఊళ్లకు జనులు పెట్టుకొన్న పేర్లను అడిగి వ్రాసికొనుడు. నిశ్చయముగా తెలిసినదానిని తెలిసినట్లు వ్రాయుడు. తెలియనిచోట ఖాళీ విడువుడు. ఆ ఖాళీని పూరించువాడు మీ తరువాత పుట్టవచ్చును.

ప్రశ్నలు

1. గండిపేట చెరువునకు రెండు పేర్లు కలుగుటకు కారణమేమి? ఆ విషయము ఈ పాఠమునకు ఎట్లు ఉపకరించినది?
2. వలస వెళ్లిన తెలుగువారి ఇంటిపేర్లు ఏ విధముగా మరుగుపడినవి?
3. "ఆనాడు మనుష్యుని తక్కువచేసిన సంఖ్యయే నేడు దీపమైనది." ఈ వాక్యమును వివరింపుడు.
4. కాగితమును, నోటిమాటను ఒకదానితో నొకటి సరిచూడవలసిన అవసరమేమి? ఉదాహరణములతో వ్రాయుడు.
5. మీ కుటుంబములో మూడు తరములవారి పేర్లను, వారు పుట్టిన ఊళ్లను పెద్దల నడిగి పట్టికగా వ్రాయుడు.